మడమలో తెల్ల దారం

పోయిన వారం పత్రికను పక్కింటివాళ్ళకిచ్చి ఇంకా తిరిగి తెచ్చుకోని వాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. నా పేరు ఏవరిల్. న్యూజిలాండ్‌లో ఒటాగో కొండల కింద ఓ చిన్న మేజోళ్ళ మిల్లులో పంతొమ్మిదేళ్ళుగా అల్లిక మిషన్లు చూసుకుంటున్నాను. మా ఆయన డూగల్. గిల్‌ఫిలన్ ఎస్టేట్ మెరినో గొర్రెలను ఏటా చలి ముదరక ముందే కొండల మీద నుంచి దింపుకొచ్చే అయిదుగురికి పెద్ద. ఈసారి అయిదో రోజున ఆ అయిదుగురిలో ఒకడైన లాకీ, తను నడవాల్సిన పై వరస, అంటే మందకు పైన శిఖరం పక్కన నడిచే చోటు, వదిలేసి అడ్డంగా దిగబోయి, రాళ్ళ జారుడులో పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అతను వదిలిన సందులోంచి రెండొందల గొర్రెలు శిఖరం అవతలికి పారిపోయాయి. మర్నాడే మంచు పడింది. వాడు బద్ధకించి దిగిపోయాడని డూగల్ అందరికీ చెప్పాడు. లాకీ డునెడిన్ ఆసుపత్రిలో పడుకుని, ఏమీ గుర్తులేదంటున్నాడు. శనివారం రెండు గంటలకు ఎస్టేట్ యజమాని గిల్‌ఫిలన్ ఉన్ని కత్తిరించే షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి మంద దింపేవాళ్ళ పట్టీలోంచి లాకీ పేరు కొట్టేయబోతున్నాడు. మా లోయలో ఒక ఎస్టేట్ కొట్టేసిన పేరును ఇంకో ఎస్టేట్ పిలవదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆ శనివారం ఉదయం సంగతి.

ఆ రోజు మిల్లుకు సెలవు. నేనొక్కదాన్నే పొయ్యి రాజేసుకుని, మూడో నంబరు మిషనుకు సూదులు మారుస్తూ కూర్చున్నాను. నిజానికి ఆ సూదులు మార్చాల్సిన అవసరమే లేదు. ఇంట్లో డూగల్ ఎదురుగా కూర్చుని టోస్టు నమలడం నావల్ల కాక వచ్చేశాను. పదకొండున్నరకు మోరగ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. లాకీకి అక్క. గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాలకు వంట చేస్తుంది. ఇరవైమంది మగవాళ్ళను వరసలో నిలబెట్టి వడ్డించే మనిషి కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. ఆ రోజు మాత్రం తగ్గించే మాట్లాడింది. నాకు అప్పుడే భయం వేసింది.

"టీ పెట్టనా?" అన్నాను.

"వద్దు."

మా వైపు టీ వద్దన్నారంటే తగువుకు వచ్చినట్టే. కేటిల్ కింద పెట్టేశాను.

మోరగ్ చేతిలోని ప్లాస్టిక్ సంచిని నా బల్ల మీద పెట్టింది. ఆసుపత్రివాళ్ళు లాకీ పేరు రాసి అంటించిన చీటీ దాని మీద ఇంకా ఉంది.

"నువ్వు అందరి సాక్సులూ చదువుతావట కదా. ఇవి కూడా చదువు."

మా మిల్లులో ఓ పద్ధతి ఉంది. కొత్త మిశ్రమం ఏది అల్లినా, మంద దింపడానికి కొండెక్కే అయిదుగురికీ తలా ఒక జత ఇస్తాం. ఒక కాలికి పాతది, ఇంకో కాలికి కొత్తది. ఏది ఏ కాలిదో వాళ్ళకు చెప్పం. అయిదు రోజులూ విప్పకుండా తొడుక్కుంటామని వాళ్ళు మాటిస్తారు. దిగొచ్చాక ఉతక్కుండా తెచ్చిస్తారు. ఉతికిన మేజోడు అబద్ధం చెబుతుంది. ఉతకనిది ఎక్కడ అరిగిందో, ఎక్కడ చెమట నిలిచిందో, ఎక్కడ ముడత పడి కాలిని కోసిందో మొత్తం చెప్పేస్తుంది. వాటిని వరసగా పలకకు గుచ్చి, చదివి పుస్తకంలో రాసుకుంటాను. అందరూ ముక్కు మూసుకుంటారు గానీ, మెరినో ఉన్ని అయిదు రోజులైనా వాసన పట్టదు. పట్టేది అందులో కలిపిన నైలానే.

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ ఏడు ఒక్క జత కూడా వెనక్కి రాలేదు. అన్నీ తడిసి కుళ్ళిపోతే కొండ మీది రేకుల గదిలో పొయ్యిలో వేసేశానని డూగల్ చెప్పాడు. అయ్యో అన్నాను పైకి. లోపల మాత్రం గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ ఊరట ఎందుకు కలిగిందో నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు.

ఆ పొయ్యికి ఈ జత అందలేదు. హెలికాప్టర్‌లో తీసుకెళ్ళినప్పుడు లాకీ కాళ్ళకే ఉంది.

నా బల్ల మీద పాలగాజుతో చేసిన పాదం ఒకటి ఉంటుంది. లోపల బల్బు వెలుగుతుంది. మేజోడును దానికి తొడిగితే ఎక్కడ నేత పలచబడిందో అక్కడ వెలుతురు బయటికి వస్తుంది. ఎడమది తొడిగాను. మట్టి కొట్టుకుపోయింది గానీ నేత చెక్కుచెదరలేదు. మడమ దగ్గర బాగా దట్టంగా ఉంది.

"ఈ బయటి అంచు చూడు," అన్నాను మోరగ్‌తో. "ఇక్కడొక్కచోటే అరిగింది. ఏటవాలు మీద, కొండ వైపు ఒరిగి నడిచేవాళ్ళకే ఇలా అరుగుతుంది. కింది వరసవాళ్ళకు అరగదు. నాలుగు రోజులకు పైగా పై వరసలో నడిచాడు మీ తమ్ముడు. బద్ధకస్తుడి సాక్సు కాదిది. షెడ్డులో అందరి ముందూ చెప్తాను."

మంచి మాటే చెప్పాను. నిజమైన మాటే. నాకు పనికొచ్చినంత నిజం ఏరుకుని మిగతాది సంచిలో వదిలేద్దామనుకున్నాను.

"రెండోది?" అంది మోరగ్.

"రెండోది కూడా అలాంటిదే అయ్యుంటుంది."

"అయ్యుంటుందేంటి? తొడుగు."

తొడిగాను. మడమ దగ్గర వెలుతురు భళ్ళున బయటికి వచ్చింది. డాలరు బిళ్ళంత బొక్క, దాని చుట్టూ ఎండిపోయిన గోధుమరంగు రక్తం, బొక్క మీద అడ్డదిడ్డంగా అల్లిన రఫు కుట్లు. చుట్టూ ఉన్న ఉన్ని అంతా మెత్తబడి ఉండకట్టి, పట్టుకుంటే చెదిరిపోయేలా ఉంది.

మోరగ్ ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఆమెకు మిల్లు పని తెలియదు. కానీ వంటమనిషి. ఒకే కుండలోని అన్నం ఒక పక్కే మాడితే ఎందుకని అడిగే మనిషి.

"రెండు కాళ్ళూ ఒకే కొండెక్కాయి. ఒకే బూట్లు. ఒక మడమ నిక్షేపంలా ఉంది, ఇంకోటి ఇలా అయింది. ఎందుకని, ఏవరిల్?"

ఎందుకో నాకు తెలుసు. అది పోయిన నవంబరులో గొర్రెల సంతలో మొదలైంది.

ఆ సంతలో మా మిల్లు బల్ల దగ్గరికి గిల్‌ఫిలన్ వచ్చాడు. మేజోళ్ళ మీది చీటీని కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. నూటికి మెరినో అరవై ఎనిమిది, నైలాన్ ఇరవై తొమ్మిది, సాగే దారం మూడు. "ఇదేంటమ్మా ఏవరిల్, నా గొర్రెలకు నువ్వు ప్లాస్టిక్ కాళ్ళు తగిలిస్తున్నావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. డూగల్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. ఇంటికొచ్చి రాత్రంతా పళ్ళు కొరుక్కున్నాను.

నిజం చెప్పాలంటే నాకూ ఆ నైలాన్ మీద ప్రేమేం లేదు. మెరినో ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుంది. చెమట తాగేస్తుంది, కాలికి పట్టుకు ఉంటుంది, గుచ్చుకోదు. కానీ ఎంత సన్నగా ఉంటే అంత సుకుమారం. గరుకు బూటు వెనక గోడకు గంటల తరబడి రాసుకుంటే ఒక్కో పోగూ తెగిపోతుంది. ఆ రాపిడి తినడానికే మడమలో, మునివేళ్ళ దగ్గర నైలాన్ పోస్తాం. మరీ ఎక్కువ పోస్తే కాలు ఉడికిపోతుంది, కంపు కొడుతుంది. తక్కువ పోస్తే చిరిగిపోతుంది. ఆ మధ్యలో ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే నా పనితనం. పంతొమ్మిదేళ్ళు అక్కడే ఆగాను. ఒక్క నవ్వు విని ఆగడం మానేశాను.

ఫిబ్రవరిలో కొత్తది అల్లాను. తొంభై ఏడు మెరినో, మూడు సాగే దారం. నైలాన్ సున్నా. ముట్టుకుంటే వెన్నలా ఉంది. రాపిడి మిషనుకు ఎక్కించాను. పాతది ముప్పై వేల రాపిళ్ళు తట్టుకునేది, కొత్తది తొమ్మిది వేలకే చేతులెత్తేసింది. ఇరవై వేలు దాటనిది ఏదీ కొండ ఎక్కకూడదని మిల్లు పెట్టిన రోజు నుంచీ ఉన్న రూలు. మనిషి కాలు గరుకు కాగితం కాదులే, మిషనుకేం తెలుసు అనుకున్నాను. కాగితాన్ని మడిచి సొరుగులో అడుగున పెట్టాను. అయిదుగురి కుడికాళ్ళకూ అదే తొడిగించాను.

ఇదంతా నా నోటి చివర ఉంది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"కొందరికి కుడి మడమ ఎక్కువ ఒరుసుకుంటుంది మోరగ్. నడక తీరు అది."

ఈ మాట అన్నందుకు నేను చచ్చేదాకా సిగ్గుపడతాను.  మోరగ్ వేలితో రఫును తడిమింది.

"ఈ తెల్ల దారమేంటి? ఇది ఊల్ కాదు. చేపల గాలంలా గట్టిగా ఉంది. వేలికి గుచ్చుకుంటోంది చూడు."

చూశాను.  స్టూలు లాక్కుని కూర్చున్నాను.

అది మా మడమల నైలాన్ దారం. నేను ఆ మేజోళ్ళలోంచి తీసేసిన దారమే. మిల్లులోని పెద్ద కండె నుంచి చిన్న రీలుకు చుట్టి, ఒక సూదితో సహా డూగల్ సంచిలో పక్క జేబులో పెట్టింది నేనే. బయల్దేరే రోజు పొద్దున, వాళ్ళాయన సంచిలో బిస్కెట్లు పెట్టే ఏ పెళ్ళామైనా పెట్టినంత మామూలుగా పెట్టాను. ఎందుకు పెడుతున్నానని నన్ను నేను అడగలేదు. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ పెట్టనిది ఈ ఏడే పెట్టాను. నా అల్లిక మీద నాకు నమ్మకం ఉంటే ఆ రీలు చుట్టేదాన్నా? మడమ చిరుగుతుందని నా చేతులకు తెలుసు. చేతులు తమ జాగ్రత్త తాము తీసుకున్నాయి, నోరు మాత్రం మూసుకుని కూర్చుంది.

పైగా అంత సన్నటి మెత్తటి ఉన్నికి ఆ గట్టి దారంతో రఫు వేస్తే అది అతుకు కాదు, రంపం. ముడులన్నీ మడమ కిందికి వచ్చి పడ్డాయి. బొక్క ఒరిపిడికి పోగా మిగిలిన చర్మాన్ని ఆ రఫు కోసేసి ఉంటుంది. ఆ మడమతో నడవలేకే లాకీ పై వరస వదిలి అడ్డంగా దిగి ఉంటాడు.

లేచి సొరుగు లాగాను. అడుగున ఉన్న కాగితం తీసి మోరగ్ చేతిలో పెట్టాను.

"చదువు," అన్నాను. "నీకర్థం కాకపోతే నేను చెప్తాను. పైన ఉన్నది ఎడమకాలి అంకె. కింద ఉన్నది కుడికాలిది. ఇరవై వేలకు తక్కువైతే కొండకు పంపకూడదు. నేను పంపాను. తెలిసే పంపాను. నడక తీరూ లేదు, ఏమీ లేదు. నేనే."

మోరగ్ కాగితాన్ని రెండుసార్లు చదివింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆమె పొయ్యి పక్కనున్న ఉన్ని బస్తా మీద కూలబడింది.

"తుంటికంటే మడమే ఎక్కువ నొప్పిగా ఉందన్నాడు ఏవరిల్. నర్సులు ఆ కాలు పరుపుకు తగలకుండా కింద దిండు పెడుతున్నారు. నేనేమన్నానో తెలుసా? ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, బొబ్బకు ఏడుస్తావేంట్రా వెధవా, ఊరంతా నవ్వుతున్నారు నిన్ను చూసి అన్నాను. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు."

"నువ్వేం తప్పు చేశావు. నీకు తెలియదు కదా."

"నీకు తెలుసు కదా."

 పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

"రెండు గంటలకు షెడ్డులో ఇదే మాట చెప్తావా?" అంది మోరగ్.

"చెప్తాను."

"గిల్‌ఫిలన్ ముందు?"

"ఆయన ముందే చెప్తాను. ప్లాస్టిక్ కాళ్ళని నవ్వాడుగా, ఇప్పుడు ఇది కూడా వింటాడు."

"మిల్లులో ఉండనిస్తారా నిన్ను తర్వాత?"

"ఉండనివ్వరు."

ఆమె తల ఊపింది. జాలిపడలేదు. జాలిపడి ఉంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తన కోటు లోపలి జేబులో పెట్టుకుంది. సొరుగులో మూలుగుతున్న తప్పు ఒకటి పరాయి జేబులోకి వెళ్ళాక నాకు ఊపిరి కాస్త సరిగ్గా ఆడింది. ఇక వెనక్కి తిరిగే దారి లేదని కూడా అర్థమైంది. కేటిల్ మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. ఈసారి ఆమె వద్దనలేదు.

రెండు కప్పుల్లో పాలు పోస్తుండగా వెనక నుంచి అడిగింది.

"ఇంతకీ ఈ కుట్టు వేసిందెవరు? మావాడికి గుండీ ఊడితే కుట్టుకోవడం రాదు. చొక్కాకు పిన్నీసు పెట్టుకు తిరుగుతాడు."

దారం డూగల్ సంచిలోదని నాకు ముందే తెలుసు. కానీ ఎవరైనా అడిగి తీసుకుని ఉండొచ్చు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఉన్నాను. మేజోడును గాజు పాదం మీద నుంచి తీసి, లోపలి వైపుకు తిప్పి మళ్ళీ తొడిగాను.

కుడిచేతివాళ్ళు రఫు వేస్తే పోగులు ఒక పక్కకు వాలతాయి. ఎడమచేతివాళ్ళు వేస్తే రెండో పక్కకు. ఇవి రెండో పక్కకు వాలాయి. ప్రతి వరస చివరా రెండు ముడులు ఉన్నాయి. ఒక ముడి చాలదా అని నేను ముప్పై ఏళ్ళుగా ఎవరితో పోట్లాడుతున్నానో, ఇంట్లో ఏ దుప్పటి చూసినా, ఏ స్వెట్టరు మోచెయ్యి చూసినా ఎవరి ముడులు కనిపిస్తాయో నాకు బాగా తెలుసు. డూగల్‌కు రఫు నేర్పింది నేనే. పెళ్ళయిన కొత్తలో, వర్షం పడుతుంటే, ఒకే దుప్పటి కింద కూర్చుని నేర్పాను.

అంటే ఆ బొక్కను డూగల్ చూశాడు. ఆ రక్తం చూశాడు. ఆ మడమను ఒళ్ళో పెట్టుకుని కుట్టాడు. కుట్టి, తెల్లారాక ఎవరు ఏ వరసలో నడవాలో చెప్పింది కూడా అతనే. అయిదుగురికి పెద్దగా అది అతని పని. దిగొచ్చాక బద్ధకం అన్నదీ అతనే.

"ఏంటలా అయిపోయావు?" అంది మోరగ్.

నేను చెప్పేలోపే బయట మా ట్రక్కు ఆగిన చప్పుడు, కుక్కల అరుపులు. డూగల్ తలుపు తీసుకుని వచ్చాడు. షెడ్డుకు వెళ్ళడానికి తల దువ్వుకుని, మంచి స్వెట్టరు వేసుకున్నాడు.

"పద ఏవరిల్, ఆలస్యమవుతోంది. ముందు చీజ్ రోల్స్ తీసుకుని..." అంటూ ఆగిపోయాడు. వెలుగుతున్న గాజు పాదాన్ని చూశాడు. దాని మడమ చూశాడు. తర్వాత మోరగ్‌ను చూశాడు. ఎవరూ ఒక్క మాట కూడా అడగలేదు.

"వాడు చెప్పేశాడా?" అన్నాడు.

 మోరగ్ కప్పు కింద పెట్టింది.

"మావాడు ఇంకా నోరు విప్పలేదు డూగల్. విప్పితే ఏం చెప్తాడు?"

అతను నా వైపే చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆ మొహం ఎన్నో రకాలుగా చూశాను గానీ అంత దీనంగా ఎప్పుడూ చూడలేదు.

"మూడో రోజుకే అందరి కుడి మడమలూ పోయాయి ఏవరిల్. నాది కూడా. అవి కిందికొస్తే నీ పని అయిపోతుందని నాకు తెలుసు. అందుకే కాల్చాను. నీ కోసమే కాల్చాను." పొయ్యి పక్కన నా దగ్గరికి వచ్చి, ఎడమచెయ్యి చాపాడు. "ఇదొక్కటే మిగిలింది. ఇలా ఇచ్చెయ్."

నా కోసమే. ఆ మాట నా నెత్తిన బండలా పడింది. నా తప్పు కప్పడానికి ఒక మనిషి పేరు పొయ్యిలో వేశాడు, ఆ పొయ్యికి కట్టెలు నేనే అందించాను. మేజోడును గాజు పాదం మీద నుంచి లాగి రెండు చేతులతో గుండెలకు అదుముకున్నాను. అతని చెయ్యికీ నా చేతులకూ మధ్య ఒక్క జానెడే దూరం.

మోరగ్ లేచి వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఎవరి కోసం కాల్చావో షెడ్డులో చెబుదువుగాని," అంది. "ముందు నాకో మాట చెప్పు డూగల్. ఆ మడమ కుట్టిన చేత్తోనే మర్నాడు మా తమ్ముణ్ణి పై వరసకు ఎందుకు పంపావు?"